బైక్‌కు బయట క్రూజ్ కంట్రోల్ పెట్టిస్తున్నారా? స్పీడ్ పట్టుకోవడం కాదు.. వదలడమే అసలు పాయింట్!

లాంగ్ రైడ్‌లకు వెళ్లేవాళ్లకు కుడిచేతి నొప్పి కొత్తేం కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు. కర్నూలు దాటేసరికి మణికట్టు పట్టేస్తుంది. అనంతపురం వచ్చేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అలాంటప్పుడే చాలామంది రైడర్లకు ఒక ఆలోచన వస్తుంది.. కార్లలో ఉన్నట్టు మన బండికి కూడా క్రూజ్ కంట్రోల్ ఉంటే ఎంత బాగుండేది అని.

ఇప్పుడిది ఖరీదైన బైక్‌లకే పరిమితమైన ఫీచర్ కాదు. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310, 2025 మోడల్ కేటీఎం 390 అడ్వెంచర్ లాంటి బైక్‌లు కంపెనీ నుంచే క్రూజ్ కంట్రోల్‌తో దొరుకుతున్నాయి. 2025 ఆగస్టులో హీరో గ్లామర్ ఎక్స్ రావడంతో 125 సీసీ బైక్‌లోకి కూడా ఇది వచ్చేసింది.

మరి ఇప్పటికే ఇంటర్‌సెప్టర్ 650, పాత హిమాలయన్, మీటియర్ 350 లాంటి బండ్లు కొనుక్కున్నవాళ్ల సంగతేంటి? వాళ్లకు ఉన్న దారి ఆఫ్టర్‌మార్కెట్. అంటే బయట కిట్ కొని బిగించుకోవడం. ఆన్‌లైన్‌లో వెతికితే కొన్ని వందల రూపాయల ప్లాస్టిక్ ముక్క నుంచి పదుల వేల రూపాయల ఎలక్ట్రానిక్ కిట్ వరకు అన్నీ 'క్రూజ్ కంట్రోల్' అనే పేరుతోనే కనిపిస్తాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. పేరు ఒకటే అయినా వీటి పని వేరు, రిస్క్ వేరు. వాటి మధ్య తేడా ఏంటి? బిగించే ముందు ఏం చూడాలి? చట్టం ఏమంటోంది? వివరంగా తెలుసుకుందాం.

చెయ్యి ఎందుకు నొప్పి పుడుతుంది?

బైక్ యాక్సిలరేటర్ వెనక ఒక స్ప్రింగ్ ఉంటుంది. చెయ్యి వదిలేస్తే థ్రాటిల్ తనంతట తానే మూసుకుపోవాలి. అందుకే ఆ స్ప్రింగ్ పెడతారు. రైడర్ పడిపోయినా, చెయ్యి జారినా ఇంజిన్ రేజ్ అవ్వకుండా ఆపేది అదే. అంటే అదొక సేఫ్టీ ఏర్పాటు.

కానీ ఆరేడు గంటల ప్రయాణంలో ఆ స్ప్రింగ్‌తో పోరాడేది మన చెయ్యే. మణికట్టు ఒకే కోణంలో వంగి ఉంటుంది, పిడికిలి బిగిసి ఉంటుంది. దానికి హ్యాండిల్ వైబ్రేషన్ కూడా తోడవుతుంది. దాంతో అరచేతిలోకి వెళ్లే నరాల మీద ఒత్తిడి పడి తిమ్మిరి మొదలవుతుంది. ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కూడా కాదు. ముందు బ్రేక్ పట్టాల్సింది ఆ తిమ్మిరెక్కిన చెయ్యే కదా! కాబట్టి దానికి రెస్ట్ ఇవ్వాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఎలా ఇస్తున్నామన్నదే ప్రశ్న.

'క్రూజ్ కంట్రోల్' పేరుతో అమ్మే మూడు రకాలు

1. అరచేతి ఆసరా: ఇది గ్రిప్‌కు తగిలించే చిన్న ప్లాస్టిక్ రెక్క. థ్రాటిల్ రాకర్ అని కూడా అంటారు. గ్రిప్‌ను గట్టిగా పట్టుకోకుండా అరచేత్తో ఆ రెక్క మీద నొక్కితే చాలు, యాక్సిలరేటర్ తిరుగుతుంది. చెయ్యి తీస్తే థ్రాటిల్ మూసుకుంటుంది. నిజానికి ఇది క్రూజ్ కంట్రోల్ కానే కాదు, చేతికి ఒక ఆసరా మాత్రమే. ధర వందల్లోనే ఉంటుంది.

ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. ముందు బ్రేక్ పట్టేటప్పుడు అరచెయ్యి పొరపాటున ఆ రెక్క మీద పడితే, బ్రేక్‌తో పాటు రేజ్ కూడా పెరుగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో, యూటర్న్ తీసుకునేటప్పుడు, పార్కింగ్‌లో బండి నెట్టేటప్పుడు ఇలా జరిగే అవకాశం ఎక్కువ. అందుకే దీన్ని హైవే మీద మాత్రమే వాడి, ఊళ్లోకి రాగానే పక్కకు తిప్పేయడం మంచిది.

2. థ్రాటిల్ లాక్: ఇది యాక్సిలరేటర్‌ను తిప్పిన చోటే ఆపి ఉంచే పరికరం. పాత హార్లీ, బీఎండబ్ల్యూ బైక్‌లలో గ్రిప్ కింద ఒక చిన్న స్క్రూ ఉండేది. దాన్ని బిగిస్తే గ్రిప్ మీద రాపిడి పెరిగి థ్రాటిల్ అక్కడే ఆగేది. ఇప్పుడు దొరికే అట్లాస్, కావోకో లాంటి బ్రాండ్ల పరికరాలు కూడా రాపిడి సూత్రం మీదే పనిచేస్తాయి. మంచి థ్రాటిల్ లాక్‌కు ఒక లక్షణం ఉంటుంది. లాక్ ఆన్‌లో ఉన్నా సరే, చేత్తో గ్రిప్‌ను వెనక్కి తిప్పితే థ్రాటిల్ మూసుకోవాలి.

3. అసలైన క్రూజ్ కంట్రోల్: ఇది యాక్సిలరేటర్‌ను కాదు, స్పీడ్‌ను పట్టి ఉంచుతుంది. ఎత్తు వస్తే తనే రేజ్ పెంచుతుంది, పల్లం వస్తే తగ్గిస్తుంది. బ్రేక్ తగిలితే వదిలేస్తుంది.

థ్రాటిల్ పట్టుకోవడం వేరు.. స్పీడ్ పట్టుకోవడం వేరు

చాలామంది పొరబడేది ఇక్కడే. థ్రాటిల్ లాక్‌కు బండి ఎంత స్పీడ్‌లో వెళ్తోందో తెలియదు. దానికి తెలిసింది గ్రిప్ ఎంత తిరిగి ఉందన్నది మాత్రమే. సమతలంగా ఉన్న రోడ్డు మీద 80లో లాక్ చేశారనుకుందాం. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే స్పీడ్ పడిపోతుంది. దిగేటప్పుడు అదే రేజ్‌కు స్పీడ్ 80 దాటిపోతుంది. ఎదురుగాలి వచ్చినా, ముందు వెళ్తున్న లారీ చాటుకు వెళ్లినా స్పీడ్ మారుతూనే ఉంటుంది. పల్లంలో పెరిగే స్పీడే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే ఆ సమయంలో చెయ్యి గ్రిప్ మీద ఉండకపోవచ్చు.

ఇంకో పెద్ద తేడా బ్రేక్ విషయంలో ఉంది. థ్రాటిల్ లాక్‌కు బ్రేక్‌తో ఎలాంటి కనెక్షన్ ఉండదు. సడన్‌గా బ్రేక్ వేసినా ఇంజిన్ రేజ్ అలాగే ఉంటుంది. ఒకపక్క బ్రేక్ ఆపుతుంటే మరోపక్క ఇంజిన్ ముందుకు తోస్తుంది. ఆ కంగారులో క్లచ్ పట్టుకుంటే లోడ్ పోయి ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. అంటే థ్రాటిల్ లాక్ వాడేవాళ్లు బ్రేక్ వేయడానికి ముందు గ్రిప్‌ను వెనక్కి తిప్పాలన్న విషయం గుర్తుపెట్టుకోవాలి. మామూలుగా రైడ్ చేసేటప్పుడు ఆ పని చెయ్యి తనంతట తానే చేస్తుంది. లాక్ వేసి చెయ్యి తొడ మీద పెట్టుకున్నప్పుడు చెయ్యదు.

లెక్క చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. 80 కిలోమీటర్ల స్పీడ్‌లో బండి ఒక్క సెకనుకు దాదాపు 22 మీటర్లు వెళ్తుంది. అంటే ఇంచుమించు రెండు ఆర్టీసీ బస్సుల పొడవు. చెయ్యి తొడ మీద నుంచి హ్యాండిల్ మీదకు వచ్చి, గ్రిప్ తిప్పి, లివర్ అందుకునేసరికి ఒక సెకను అదనంగా పట్టినా అంత దూరం బ్రేక్ లేకుండానే గడిచిపోతుంది.

అసలైన కిట్ ఎలా పనిచేస్తుంది?

క్రూజ్ కంట్రోల్ ఆలోచన వెనక ఆసక్తికరమైన కథ ఉంది. దీన్ని కనిపెట్టిన అమెరికన్ ఇంజినీర్ రాల్ఫ్ టీటర్‌కు చూపు లేదు. ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో ఆయన కంటిచూపు పోయింది. తాను ప్రయాణించే కారు స్పీడ్ మాటిమాటికీ పెరుగుతూ తగ్గుతూ ఉండటం ఆయనను ఇబ్బంది పెట్టింది. దాంతో స్పీడ్‌ను నిలకడగా ఉంచే పరికరం తయారుచేశారు. 1950లో పేటెంట్ వచ్చింది. 1958లో క్రైస్లర్ కార్లలో అది మార్కెట్లోకి వచ్చింది. డ్రైవర్ కంటే ప్రయాణికుడే ముందుగా దీని అవసరాన్ని గుర్తించాడన్నమాట.

బైక్‌కు బిగించే కిట్‌లో ముఖ్యంగా నాలుగు భాగాలుంటాయి.

* స్పీడ్ సెన్సర్: బండి ఎంత స్పీడ్‌లో వెళ్తోందో చెప్పేది. కొన్ని కిట్‌లు బైక్‌లో ఉన్న సెన్సర్ నుంచే సిగ్నల్ తీసుకుంటాయి. కొన్నింటిలో చక్రానికి లేదా బ్రేక్ డిస్క్ బోల్టులకు చిన్న అయస్కాంతాలు అతికించి, పక్కన సెన్సర్ పెడతారు.
* కంప్యూటర్: మీరు సెట్ చేసిన స్పీడ్‌ను, ఇప్పుడున్న స్పీడ్‌ను పోల్చి చూసే చిన్న పెట్టె. తేడా వస్తే రేజ్ పెంచమనో తగ్గించమనో ఆర్డర్ ఇస్తుంది.
* యాక్చుయేటర్: ఆ ఆర్డర్ ప్రకారం థ్రాటిల్‌ను కదిలించే భాగం. ఒక రకంగా ఇది మీ చేతికి బదులు పనిచేసే చెయ్యి.
* స్విచ్‌లు: ఆన్, సెట్, రెజ్యూమ్, క్యాన్సిల్ బటన్లు. వీటితో పాటు బ్రేక్, క్లచ్ నుంచి వచ్చే సిగ్నల్ వైర్లు.

ఇక యాక్చుయేటర్‌లో రెండు రకాలున్నాయి. పాత రకం వాక్యూమ్‌తో పనిచేస్తుంది. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు మానిఫోల్డ్‌లో ఏర్పడే వాక్యూమ్ ఒక రబ్బరు పొరను లాగుతుంది, ఆ పొర కేబుల్‌ను లాగుతుంది. కార్ల కోసం వచ్చిన ఆడియోవాక్స్ సీసీఎస్-100 అనే కిట్‌ను అమెరికాలో చాలామంది రైడర్లు తమ టూరింగ్ బైక్‌లకు బిగించుకున్నది ఈ పద్ధతిలోనే. దీని బలహీనత ఏంటంటే, థ్రాటిల్ బాగా తెరుచుకున్నప్పుడు వాక్యూమ్ తగ్గిపోతుంది. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, సరిగ్గా బలం కావాల్సిన సమయంలోనే యాక్చుయేటర్ నీరసపడుతుంది. అందుకే వాక్యూమ్‌ను దాచిపెట్టే చిన్న డబ్బా, వన్-వే వాల్వ్ అదనంగా పెట్టాల్సి వస్తుంది.

కొత్త రకంలో ఎలక్ట్రిక్ మోటార్ ఉంటుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఎంసీ క్రూజ్ లాంటి కంపెనీలు ఒక్కో బైక్ మోడల్‌కు విడిగా కిట్‌లు తయారుచేస్తాయి. మీ చేతి కేబుల్, మోటార్ కేబుల్ రెండూ ఒక జాయింట్‌లో కలిసి, అక్కడి నుంచి ఒకటే కేబుల్ థ్రాటిల్‌కు వెళ్తుంది. క్యాన్సిల్ సిగ్నల్ రాగానే మోటార్ పట్టు వదిలేస్తుంది. అప్పుడు థ్రాటిల్ స్ప్రింగ్ తన పని తాను చేస్తుంది.

మీ బండి ఏ రకం? ముందు ఇది తెలుసుకోండి

కిట్ కొనే ముందు తేల్చుకోవాల్సిన మొదటి విషయం.. మీ బండికి యాక్సిలరేటర్ కేబుల్ ఉందా, లేక రైడ్-బై-వైరా?

కేబుల్ బండిలో గ్రిప్ తిప్పితే ఒక తీగ నేరుగా థ్రాటిల్‌ను లాగుతుంది. ఇంటర్‌సెప్టర్ 650, క్లాసిక్ 350, పాత హిమాలయన్ 411 ఈ కోవలోకే వస్తాయి. వీటికి మోటార్ లేదా వాక్యూమ్ యాక్చుయేటర్ ఉన్న కిట్ కావాలి. దాన్ని పెట్టడానికి ట్యాంక్ కింద, సైడ్ ప్యానెల్స్ వెనక చోటు వెతకాలి. పని ఎక్కువ, ఖర్చూ ఎక్కువే.

రైడ్-బై-వైర్ బండిలో కేబుల్ లాగేదేమీ ఉండదు. గ్రిప్ దగ్గరున్న సెన్సర్ ఎంత తిప్పారో ఈసీయూకు చెప్తుంది, ఈసీయూ మోటార్‌తో థ్రాటిల్ తెరుస్తుంది. హిమాలయన్ 450 ఇలాంటిదే. ఇలాంటి బండికి వేరే యాక్చుయేటర్ అవసరం లేదు. గ్రిప్ సెన్సర్‌కు, ఈసీయూకు మధ్యలో ఒక చిన్న మాడ్యూల్ చేరి, గ్రిప్ తిప్పినట్టే సిగ్నల్ పంపుతుంది.

వినడానికి ఈజీగానే ఉంది. కానీ ఒక విషయం మర్చిపోకూడదు. సేఫ్టీ కోసం గ్రిప్ నుంచి ఒకటి కాదు, రెండు సిగ్నల్స్ వెళ్తాయి. రెండూ ఒకదానికొకటి సరిపోతున్నాయా లేదా అని ఈసీయూ ఎప్పటికప్పుడు చెక్ చేస్తుంది. తేడా కనిపిస్తే వార్నింగ్ లైట్ వేసి ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. కాబట్టి మీ మోడల్ కోసమే తయారుచేసిన, కప్లర్‌తో బిగించే మాడ్యూల్ తప్ప, వైర్లు కోసి అతికించే 'యూనివర్సల్' సరుకు జోలికి పోకపోవడమే మేలు. ఇంకో మాట.. రైడ్-బై-వైర్ బండి కొన్నవాళ్లు ముందు షోరూమ్‌లో అడగాలి. కొన్ని మోడళ్లకు కంపెనీయే స్విచ్, సాఫ్ట్‌వేర్ ద్వారా క్రూజ్ కంట్రోల్‌ను యాక్సెసరీగా ఇస్తుంది. ఆ దారి ఉంటే అదే ఉత్తమం.

వదలడంలోనే ఉంది అసలు విషయం

ఏ కిట్ అయినా స్పీడ్‌ను ఎంత బాగా పట్టి ఉంచుతుందో బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో రాస్తారు. కొనేవాళ్లు చూడాల్సింది మాత్రం అది ఎన్ని రకాలుగా, ఎంత త్వరగా వదులుతుందన్నది. మంచి కిట్ ఈ సందర్భాలన్నింటిలోనూ వెంటనే వదిలేయాలి.

* ముందు బ్రేక్ లివర్ తాకినప్పుడు
* వెనక బ్రేక్ పెడల్ తొక్కినప్పుడు
* క్లచ్ పట్టుకున్నప్పుడు
* గ్రిప్‌ను పూర్తిగా వెనక్కి తిప్పినప్పుడు
* క్యాన్సిల్ బటన్ లేదా మెయిన్ స్విచ్ నొక్కినప్పుడు
* ఇంజిన్ ఆర్‌పీఎం ఉన్నట్టుండి పెరిగినప్పుడు
* స్పీడ్ సెన్సర్ నుంచి సిగ్నల్ ఆగిపోయినప్పుడు

చివరి రెండింటినీ చాలామంది పట్టించుకోరు. క్లచ్ స్విచ్ పాడైందనుకోండి. క్లచ్ పట్టుకున్న సంగతి కంప్యూటర్‌కు తెలియదు. స్పీడ్ తగ్గుతోందని అది ఇంకా రేజ్ ఇస్తుంది. అప్పుడు ఆర్‌పీఎం పెరగడాన్ని గమనించి వదిలేసే ఏర్పాటే కాపాడుతుంది. అలాగే చక్రం దగ్గర అతికించిన అయస్కాంతం ఊడిపోతే స్పీడ్ సున్నా అని కంప్యూటర్ అనుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు రేజ్ పెంచాలా, వదిలేయాలా? తెలివైన కిట్ వదిలేస్తుంది. మీరు కొనే కిట్ ఏం చేస్తుందో మాన్యువల్‌లో స్పష్టంగా రాసి ఉండాలి. రాయకపోతే ఆ కిట్ వద్దనుకోవడమే మంచిది.

ఫిట్టింగ్‌లో జరిగే తప్పులు ఇవే

కిట్ మంచిదైనా ఫిట్టింగ్ సరిగ్గా లేకపోతే లాభం లేదు. ముఖ్యంగా మూడు చోట్ల జాగ్రత్త అవసరం.

మొదటిది బ్రేక్ లైట్. చాలా కిట్‌లు బ్రేక్ వేసిన విషయాన్ని బ్రేక్ లైట్ వైర్ ద్వారానే తెలుసుకుంటాయి. కొన్ని పాత డిజైన్లు మామూలు బల్బు ఫిలమెంట్ ద్వారా వచ్చే ఎర్త్‌ను కూడా చూస్తాయి. బల్బు తీసేసి ఎల్ఈడీ పెట్టిన బండిలో ఆ లెక్క తప్పుతుంది, కిట్ అసలు ఆన్ కాదు. దీనికి మధ్యలో ఒక రిలే పెట్టాలి. 'ఆన్ కావట్లేదు కదా' అని బ్రేక్ వైర్‌ను పక్కన పెట్టి నేరుగా ఎర్త్ ఇచ్చేస్తే క్రూజ్ ఆన్ అవుతుంది. కానీ ఇక బ్రేక్‌తో ఆఫ్ కాదు. ఫిట్టింగ్‌లో ఇంతకంటే పెద్ద తప్పు ఇంకోటి లేదు.

రెండోది కేబుల్ దారి. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పినప్పుడు కేబుల్ ఎక్కడా బిగుసుకోకూడదు. బిగుసుకుంటే యూటర్న్‌లో రేజ్ దానంతట అదే పెరుగుతుంది. ట్యాంక్ తిరిగి బిగించాక కూడా ఈ చెక్ చేయాలి. ఎందుకంటే కేబుల్ నలిగేది ట్యాంక్ కిందే.

మూడోది గ్రిప్ దగ్గర గ్యాప్. థ్రాటిల్ లాక్ పెట్టేవాళ్లకు ఇది ముఖ్యం. లాక్ ముక్క బార్-ఎండ్ వెయిట్‌కో, స్విచ్ హౌసింగ్‌కో రాసుకుంటే ఆఫ్‌లో ఉన్నా గ్రిప్ పూర్తిగా వెనక్కి రాదు. హ్యాండ్ గార్డ్‌లు, హీటెడ్ గ్రిప్స్ ఉన్న బండ్లలో ఈ సమస్య ఎక్కువ.

హైవే ఎక్కే ముందు ఈ టెస్టులు తప్పనిసరి

1. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి గ్రిప్ తిప్పి వదలండి. టక్కుమని వెనక్కి రావాలి. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి మళ్లీ చూడండి.
2. బండి న్యూట్రల్‌లో ఉంచి ఇంజిన్ స్టార్ట్ చేసి హ్యాండిల్‌ను అటూ ఇటూ పూర్తిగా తిప్పండి. ఐడిలింగ్ మారకూడదు.
3. ముందు లివర్, వెనక పెడల్ విడివిడిగా నొక్కి బ్రేక్ లైట్ వెలుగుతోందో లేదో చూడండి. బ్రేక్ కాస్త తగలగానే లైట్ రావాలి. గట్టిగా నొక్కితే తప్ప రాకపోతే ముందు స్విచ్ అడ్జస్ట్ చేయించండి.
4. ట్రాఫిక్ లేని, తిన్నగా ఉన్న రోడ్డు మీద తక్కువ స్పీడ్‌లో సెట్ చేయండి. చెయ్యి గ్రిప్ మీదే ఉంచండి. ముందు బ్రేక్, వెనక బ్రేక్, క్లచ్, గ్రిప్, బటన్.. ఒక్కోసారి ఒక్కోదానితో క్యాన్సిల్ చేసి చూడండి.
5. ఒక్కటి ఫెయిలైనా కిట్ కనెక్షన్ తీసేసి బండిని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. 'మిగతావి పనిచేస్తున్నాయిలే' అని సరిపెట్టుకోవద్దు.
6. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత బోల్టులు, అయస్కాంతాలు, వైర్ జాయింట్లు మరోసారి చూడండి. వైబ్రేషన్‌కు వదులయ్యేవి ఏవైనా ఉంటే ఆ లోపే బయటపడతాయి.

ప్రతి లాంగ్ రైడ్ ముందు కనీసం బ్రేక్ క్యాన్సిల్ టెస్ట్ ఒక్కటైనా చేయడం అలవాటు చేసుకోవాలి. పట్టేది రెండు నిమిషాలే.

చట్టం ఏమంటోంది? ఇన్సూరెన్స్ సంగతేంటి?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయం స్పష్టం చేసింది. ఆ ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ చేరింది. చట్టం అనుమతించని విధంగా, విడిభాగాలు బిగించడం ద్వారా అయినా సరే బండిని మారిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఆర్‌సీలో క్రూజ్ కంట్రోల్ అనే కాలమ్ ఏమీ ఉండదు. అంతమాత్రాన ఏది బిగించినా అడిగేవాళ్లు లేరని అనుకోకూడదు. ఒకవేళ ప్రమాదం జరిగితే బండికి ఏయే మార్పులు చేశారన్నది ప్రశ్నల్లోకి వస్తుంది. అందుకే బిగించే ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేసి జవాబు తీసుకోవాలి. బయట బిగించిన ఎలక్ట్రికల్ యాక్సెసరీలను పాలసీలో విడిగా చూపించి, అదనపు ప్రీమియం కట్టే వీలుంది. బిల్లు, ఫిట్టింగ్ రసీదు దాచుకోవాలి.

వారంటీ ఉన్న బండి అయితే మరింత జాగ్రత్త. వైరింగ్ కోస్తే ఎలక్ట్రికల్ వారంటీకి కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ముందుగా సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవాలి.

మన రోడ్ల మీద ఎక్కడ వాడొచ్చు? ఎక్కడ వద్దు?

2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లేన్ల డివైడెడ్ హైవేల మీద బైక్‌ల గరిష్ఠ స్పీడ్ గంటకు 80 కిలోమీటర్లు. అక్కడి పరిస్థితిని బట్టి కొన్నిచోట్ల ఇంకా తక్కువ ఉండొచ్చు. కాబట్టి క్రూజ్ సెట్ చేసేది ఆ పరిమితిలోపే. అసలు క్రూజ్ కంట్రోల్‌కు బాగా పనికొచ్చే హైదరాబాద్ ఓఆర్ఆర్ మెయిన్ రోడ్డు, బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ వే లాంటి చోట్ల టూవీలర్లకు ఎంట్రీ లేదు. మిగిలింది 44, 16, 65 నంబర్ జాతీయ రహదారుల్లాంటివి.

ఈ రోడ్ల సంగతి తెలుగు రైడర్లకు చెప్పక్కర్లేదు. డివైడర్ గ్యాప్‌లోంచి సడన్‌గా తిరిగే ఆటో, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్, రోడ్డు దాటే గేదెలు, కోతల సీజన్‌లో ఒక లేన్ మొత్తం ఆరబోసిన ధాన్యం. అడాప్టివ్ క్రూజ్ ఉన్న బైక్‌లలో రాడార్ ముందున్న వాహనాన్ని చూసి స్పీడ్ తగ్గిస్తుంది. డుకాటి మల్టీస్ట్రాడా వీ4తో అలాంటి టెక్నాలజీ బైక్‌లలోకి వచ్చింది. కానీ సాధారణ ఆఫ్టర్‌మార్కెట్ కిట్‌కు అలాంటి కన్ను లేదు. ముందు ఏముందో చూడాల్సింది మీరే.

అందుకే ఈ సందర్భాల్లో ఆఫ్ చేయాల్సిందే.

* వాన పడుతున్నప్పుడు, రోడ్డు తడిగా ఉన్నప్పుడు. వెనక చక్రం జారుతున్నా కిట్ రేజ్ తగ్గించకపోవచ్చు.
* ఘాట్ రోడ్లు, మలుపులు, ఇసుక లేదా ధాన్యం ఉన్న చోట.
* ఊళ్లు, జంక్షన్లు, టోల్ ప్లాజాలు దగ్గరపడినప్పుడు.
* రాత్రి వేళ, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు. చేతికి పని లేకపోతే కునుకు ఇంకా త్వరగా పడుతుంది.

ఇక క్రూజ్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన రెండు చేతులూ వదిలేసి వీడియోలు తీయడం, మిర్రర్‌లో చూసి హెల్మెట్ సర్దుకోవడం లాంటివి అస్సలు వద్దు. కుడిచెయ్యి గ్రిప్ మీద వదులుగా ఉండాలి, రెండు వేళ్లు బ్రేక్ లివర్ మీద ఉండాలి. పిడికిలి బిగించక్కర్లేదు కాబట్టి రెస్ట్ ఎలాగూ దొరుకుతుంది.

ఎవరికి ఏది సరిపోతుంది?

ఏడాదికి ఒకట్రెండు లాంగ్ రైడ్‌లు చేసేవాళ్లకు ఖరీదైన కిట్ అవసరం లేదు. ముందు ఖర్చు తక్కువయ్యే మార్గాలు చూడొచ్చు. మెత్తటి గ్రిప్స్, కాస్త బరువైన బార్-ఎండ్స్, లివర్ కోణం సరిచేయించుకోవడం, కేబుల్‌కు ఆయిల్ పట్టించడం. గట్టిపడిన కేబుల్ వల్లే చెయ్యి నొప్పి పుడుతున్న బండ్లు చాలానే ఉంటాయి. గంట గంటన్నరకోసారి ఆగితే సగం సమస్య అక్కడే తీరుతుంది.

తరచూ టూర్లు వేసేవాళ్లు, తక్కువ బడ్జెట్‌లో కావాలనుకుంటే మంచి బ్రాండ్ థ్రాటిల్ లాక్ చూడొచ్చు. అయితే అది చెయ్యి విదిలించుకోవడానికి, కొన్ని సెకన్ల రెస్ట్ కోసం మాత్రమేనని గుర్తుంచుకోవాలి. గంటల తరబడి ఆన్‌లో ఉంచేది కాదు.

లడఖ్, కన్యాకుమారి అంటూ వేల కిలోమీటర్లు తిరిగేవాళ్లు తమ మోడల్‌కే తయారైన ఎలక్ట్రానిక్ కిట్ గురించి ఆలోచించొచ్చు. విదేశాల నుంచి తెప్పిస్తే కిట్ ధరకు తోడు షిప్పింగ్, కస్టమ్స్, ఫిట్టింగ్ ఖర్చులు కలుపుకోవాలి. స్పేర్ పార్ట్ కావాలంటే మళ్లీ అక్కడి నుంచే రావాలి. త్వరలో బండి మార్చే ఆలోచన ఉంటే, ఆ డబ్బు కంపెనీ క్రూజ్ కంట్రోల్ ఉన్న బైక్ వైపు పెట్టడం తెలివైన పని.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: క్రూజ్ కంట్రోల్‌తో మైలేజ్ పెరుగుతుందా?
జవాబు: సమతలంగా ఉన్న హైవే మీద స్పీడ్ నిలకడగా ఉంటుంది కాబట్టి కొంత మేలు ఉండొచ్చు. కానీ ఎత్తుల్లో స్పీడ్ పడిపోకుండా ఎక్కువ రేజ్ ఇస్తుంది కాబట్టి అక్కడ పెట్రోల్ ఎక్కువే ఖర్చవుతుంది. మైలేజ్ కోసమే అయితే పెట్టించాల్సిన పని లేదు.

ప్రశ్న: కారు కిట్ బైక్‌కు పెట్టొచ్చా?
జవాబు: అలా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. కానీ కారు కిట్ వాన, దుమ్ము, వైబ్రేషన్ నేరుగా తగిలేలా తయారుచేసింది కాదు. పైగా బైక్‌లో ముందు, వెనక బ్రేక్‌లకు వేర్వేరు స్విచ్‌లుంటాయి. రెండింటితోనూ ఆఫ్ అయ్యేలా వైరింగ్ చేయగల మెకానిక్ దొరకకపోతే ఆ ప్రయత్నం మానుకోవడమే మంచిది.

ప్రశ్న: వందల్లో దొరికే థ్రాటిల్ లాక్ వాడొచ్చా?
జవాబు: ఒక్క పరీక్ష చేయండి. ఇంజిన్ ఆఫ్‌లో ఉంచి లాక్ ఆన్ చేసి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో గ్రిప్‌ను వెనక్కి తిప్పండి. ఎలాంటి ఇబ్బంది లేకుండా పూర్తిగా మూసుకుంటేనే తర్వాతి మాట. పట్టేసినట్టు అనిపిస్తే దాన్ని బండికి బిగించొద్దు.

ప్రశ్న: ఫిట్టింగ్‌కు మెకానిక్‌ను ఏమని అడగాలి?
జవాబు: 'ఏ స్పీడ్ వరకు పనిచేస్తుంది అన్నా' అని కాదు.. 'ముందు బ్రేక్ పడితే ఏ వైర్ వల్ల ఆఫ్ అవుతుంది? వెనక బ్రేక్ పడితే? ఆ వైర్ తెగితే ఏమవుతుంది?' అని అడగండి. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పి, మీ కళ్లముందే టెస్ట్ చేసి చూపించే మెకానిక్‌కే బండి అప్పగించండి.